తిన్నదొకరు, బిల్లు కట్టినదొకరు – హోటల్ తిండి కేసుల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు రెండుమార్లు ఫోను చేశారు. డి.ఆర్. లెక్కలు, కమ్యుటేషన్ పునరుద్ధరణ, మెడికల్ రీయింబర్స్‌మెంటు – వీటిని గూర్చి సాధికారంగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. వారి జోలికి నేను పోను. ఉద్యోగ విరమణ తరువాత నాకు అంటుకున్న అలవాటు పాత కోర్టు కేసుల కథలు చదవడం. ఆ అలవాటు ఎలా అంటుకున్నదో చెబితే ఈ వ్యాసం ఎందుకు వ్రాస్తున్నదీ మీకే తెలుస్తుంది.

2006లో మా సెక్షను సూపరింటెండెంటుగారు రిటైరయ్యారు. పదకొండుమందిమి కలిసి ఊళ్ళో ఒక హోటలులో వీడ్కోలు విందు చేశాం. హోటలు పేరు వ్రాయను. ఆ యజమాని ఇప్పుడు లేడు, ఆ హోటలూ లేదు. ఏర్పాట్లు నావి. తలా ఇంత అని పోగుచేసి, బిల్లు కట్టినవాణ్ణి నేనే. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం. నాలుగింటికల్లా మా హెడ్ అకౌంటెంటుగారు సీటులోంచి లేచి బయటికి పరుగెత్తారు. సాయంత్రానికి ఏడుగురం వాంతులతో పడ్డాం. ఆరుగురం మరునాటికి తేరుకున్నాం. హెడ్ అకౌంటెంటుగారు తేరుకోలేదు. ఆయనకు చాలా ఏళ్ళుగా షుగరు, పైగా రక్తపోటుకు నీరు తీసే మాత్ర వేసుకునేవారు. ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీరు ఒక్కసారిగా తగ్గిపోవడంతో మూత్రపిండాలు దెబ్బతిన్నాయని డాక్టరుగారు చెప్పారు.

వారం తరువాత నలుగురం కలిసి మాకు తెలిసిన ఒక అడ్వకేటుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన పెద్దవారు, ఓపికమంతులు. అంతా విని, "బిల్లుందా అండీ?" అన్నారు. ఆ బిల్లు నా చొక్కా జేబులో ఉండగానే చొక్కా చాకలికి వెళ్ళింది. "తిన్నదాంట్లో ఏమైనా మిగిల్చి పరీక్షకు ఇచ్చారా?" లేదు. "డాక్టర్లు ఏం వ్రాశారు?" ముగ్గురు ముగ్గురు డాక్టర్ల దగ్గరకు వెళ్ళారు. ఒకరి చీటీ మీద గ్యాస్ట్రో ఎంటరైటిస్ అని ఉంది, మరొకరి చీటీ మీద మందులు తప్ప ఏమీ లేదు, మిగతావారు మెడికల్ షాపులో మాత్రలు కొని మింగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది వరకు అయితే ఇంకో ప్రశ్న కూడా అడిగేవాళ్ళం – తిన్నవారు ఎవరు, డబ్బిచ్చినవారు ఎవరు అని. ఆ ఒక్క ప్రశ్నతోనే చాలా కేసులు పోయేవి. ఆ ప్రశ్న నుంచి మనల్ని గట్టెక్కించింది స్కాట్లండులో ఒక నత్త" అన్నారు. మేము కేసు వేయలేదు. నత్త కథ మాత్రం నన్ను వదలలేదు.

స్కాట్లండులో గ్లాస్గో నగరం పక్కనే పెయిస్లీ అని ఒక పట్టణం ఉంది. మన ఆడవారి చీరల మీది మామిడిపిందె డిజైనుకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఈ ఊరిదే. కాశ్మీరు శాలువల నమూనాలను అక్కడి మగ్గాల మీద నేసి అమ్మడం వల్ల ఆ పేరు వచ్చింది. 1928 ఆగస్టు 26, ఆదివారం సాయంత్రం మే డొనహ్యూ అనే ఆమె అక్కడి వెల్‌మెడో కేఫ్‌కు స్నేహితురాలితో కలిసి వెళ్ళింది. ఆమె ఒక దుకాణంలో పనిచేసే సామాన్యురాలు. స్నేహితురాలు ఆర్డరిచ్చింది, డబ్బులూ ఆమే ఇచ్చింది. డొనహ్యూ తీసుకున్నది ఐస్‌క్రీము మీద పోసిన జింజర్ బీర్. పేరు చూసి కంగారు పడకండి, అది అల్లం సోడా. ముదురు రంగు సీసా, లోపల ఏముందో కనబడదు. కొంత తాగింది. మిగతాది గ్లాసులోకి వంచుతుంటే సగం కుళ్ళిన నత్త ఒకటి జారిపడిందని ఆమె ఫిర్యాదు. మూడు రోజులకు డాక్టరు దగ్గరకు, సెప్టెంబరులో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి వెళ్ళవలసి వచ్చింది.

ఇప్పుడు చిక్కు చూడండి. కేఫ్‌తో ఒప్పందం చేసుకున్నది స్నేహితురాలు. ఆమెకు ఏమీ కాలేదు. జబ్బు పడ్డ డొనహ్యూ ఏమీ కొనలేదు. కనుక కేఫ్ మీద ఆమెకు హక్కు లేదు. పైగా సీసా మూతవేసి ఉన్నది, కేఫ్‌వాడు లోపలికి తొంగిచూడలేడు. సోడా తయారుచేసిన డేవిడ్ స్టీవెన్‌సన్‌తో ఆమెకు ఏ లావాదేవీ లేదు. అప్పటి న్యాయం ప్రకారం లావాదేవీ లేనివాడి మీద, వస్తువు స్వతహాగా ప్రమాదకరమైనదైతే తప్ప, దావా నిలవడం చాలా కష్టం. తుపాకీకి ఉన్న పూచీ సోడా సీసాకు లేదన్నమాట.

ఆమె తరఫు న్యాయవాది వాల్టర్ లీచ్‌మన్. ఈయన మొండితనం నాకు చాలా నచ్చింది. సోడా సీసాలో చచ్చిన ఎలుక వచ్చిందన్న కేసుల్లో ఈయనే వాదించి 1929 మార్చి 20న ఓడిపోయాడు. అదే కోర్టు, అదే న్యాయసూత్రం. ఎవరైనా అయితే ఊరుకునేవారు. ఈయన మూడు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 9న, నత్త కేసులో నోటీసు ఇచ్చాడు. 500 పౌండ్ల నష్టపరిహారం అడిగాడు. మొదటి జడ్జి ఆమెకు అనుకూలంగా చెప్పాడు. పై బెంచిలో ఎలుక కేసు తీర్పునే చూపించి కొట్టివేశారు. ఇక మిగిలింది లండనులోని హౌస్ ఆఫ్ లార్డ్స్. అక్కడికి వెళ్ళాలంటే ఓడిపోతే ఖర్చులు ఇచ్చుకోగలనని ముందే పూచీ చూపాలి. డొనహ్యూ తాను నిరుపేదనని, లోకంలో తనకున్నదంతా కలిపినా 5 పౌండ్లు చేయదని ప్రమాణపత్రం దాఖలు చేసింది. బీదవారి కోటాలో అప్పీలుకు అనుమతి దొరికింది. మనవద్ద సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కోర్టు ఫీజు కట్టలేని నిర్ధనులకు ఉన్న వెసులుబాటు లాంటిదే ఇది. తాలూకా కోర్టుల్లో పనిచేసిన మన మిత్రులకు బాగా తెలుసు.

1932 మే 26న తీర్పు వచ్చింది. ఐదుగురు జడ్జీలలో ముగ్గురు ఆమె వైపు, ఇద్దరు ఎదురు. ఒక్క ఓటు అటు పడితే కథ వేరుగా ఉండేది. లార్డ్ ఆట్కిన్ చెప్పిన సారాంశాన్ని నా మాటల్లో చెబుతాను. పొరుగువాణ్ణి ప్రేమించమని మతం చెబుతుంది. చట్టం అంత దూరం పోలేదు, కాని పొరుగువాడికి హాని చేయకు అని చెప్పగలదు. మరి నా పొరుగువాడెవడు? నా పని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో నేను ముందే ఊహించగలనో, వాళ్ళందరూ నా పొరుగువాళ్ళే. సోడా తయారుచేసేవాడు దాన్ని తాగేవారిని దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తాడు, సీసా కొన్నవారిని మాత్రమే కాదు. కనుక తాగినవారి పట్ల జాగ్రత్త వహించే బాధ్యత వాడిదే.

ఇంత పెద్ద సూత్రానికి కారణమైన ఆ నత్త నిజంగా ఉన్నదా లేదా అన్నది మాత్రం ఏ కోర్టులోనూ ఋజువు కాలేదు. లార్డులు తేల్చింది, ఆమె చెప్పింది నిజమే అనుకుంటే దావా నిలుస్తుందా అన్న ప్రశ్న ఒక్కటే. సాక్ష్యం తీసుకోవడానికి కేసు కింది కోర్టుకు వచ్చేటప్పటికి స్టీవెన్‌సన్ చనిపోయాడు. వ్యవహారం రాజీతో ముగిసింది. 200 పౌండ్లు ఇచ్చారని లీచ్‌మన్ కుమారుడు తరువాతి కాలంలో చెప్పాడు. అడిగిన దాంట్లో సగం కూడా కాదు. కాని న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ మొదటి సంవత్సరంలో ఈ నత్తను దాటే పోవాలి, మన హైదరాబాదులోనైనా, విశాఖపట్నంలోనైనా. తెల్లవారి కోర్టుల నుంచి మనకు సంక్రమించిన వాటిలో ఇదొకటి.

ఇంతకూ ఈ మార్గంలో స్కాట్లండే మొదటిది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు సుప్రీం కోర్టు 1913లోనే ఇంకొక అడుగు వేసింది. సియాటిల్‌లో ఒక హోటలువారు కంపెనీ సరుకు మాంసం కొని వడ్డిస్తే అందులో కుళ్ళు పదార్థం వచ్చింది. తిన్న మనిషి జబ్బుపడి అందరి ముందూ హోటలును తిట్టిపోశాడు. వ్యాపారం దెబ్బతిన్న హోటలువారే మాంసం కంపెనీ మీద దావా వేశారు. వారు కొన్నది కిరాణా టోకు వర్తకుని దగ్గర. కంపెనీతో నేరుగా లావాదేవీ లేదు. అయినా దావా చెల్లుతుందని కోర్టు అన్నది. హోటలువాడు ఎప్పుడూ దోషే అనుకునే మనకు, వాడు కూడా బాధితుడు కావచ్చునని ఈ కేసు గుర్తుచేస్తుంది.

విచిత్రం ఏమంటే, సరిగ్గా 80 ఏళ్ళ తరువాత అదే సియాటిల్ మళ్ళీ వార్తలకెక్కింది. 1993 జనవరిలో అక్కడి పిల్లల ఆసుపత్రికి రక్తవిరేచనాలతో, మూత్రపిండాలు దెబ్బతిని పిల్లలు వరుసగా రాసాగారు. ఒకేమారు ఇంతమందా అని డాక్టరు ఫిలిప్ టార్‌కు అనుమానం వచ్చి రాష్ట్ర ఆరోగ్యశాఖకు ఫోను చేశారు. ఇళ్ళకు వెళ్ళి ఆరా తీస్తే, చాలామంది జాక్ ఇన్ ది బాక్స్ అనే హోటళ్ళ గొలుసులో హాంబర్గరు తిన్నవారు. ఈ-కోలై ఓ157 అనే సూక్ష్మజీవి ఆ మాంసపు ముద్దలో ఉన్నది. నాలుగు రాష్ట్రాలలో 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. వారిలో ఏడాదిన్నర నిండని ఒక పసివాడు అసలు బర్గరు తిననేలేదు. పిల్లల్ని చూసుకునే కేంద్రంలో జబ్బుపడ్డ మరో బిడ్డ నుంచి అంటుకుంది. లార్డ్ ఆట్కిన్ చెప్పిన పొరుగువాడు ఎంత దూరం వరకు ఉంటాడో చూడండి.

ఈ కేసులో కీలకం ఒక అంకె. కేంద్ర ప్రభుత్వపు నియమం ప్రకారం బర్గరు లోపలి భాగం 140 డిగ్రీల ఫారన్‌హీట్ వేడెక్కితే చాలు, అంటే మన లెక్కలో 60 సెల్సియస్. వాషింగ్టన్ రాష్ట్రం అది చాలదని 1992లోనే 155 డిగ్రీలు చేసింది, సుమారు 68 సెల్సియస్. కంపెనీ పాత పద్ధతిలోనే కాల్చింది. కొత్త నిబంధన మాకు తెలియదని మొదట అన్నారు. ఆ కాగితం వారికి ముందే చేరిందని తరువాత తేలింది. మనం జీవితాంతం ఆఫీసుల్లో చూసినదే కదా – సర్క్యులరు వచ్చింది, ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు పడింది, ఎవరూ చదవలేదు. అక్కడ ఆ చదవని కాగితానికి ఖరీదు పిల్లలు కట్టారు.

బాధితుల తరఫున నిలిచిన న్యాయవాదుల్లో విలియం మార్లర్ అనే యువకుడు ఒకడు. నలభై రోజులకు పైగా కోమాలో ఉండి బ్రతికి బయటపడ్డ ఒక బాలికకు 1 కోటి 56 లక్షల డాలర్లు ఇచ్చేటట్లు రాజీ కుదిరింది. అమెరికాలో గెలిచినప్పుడే ఫీజు తీసుకునే ఒప్పందం మీద వకీళ్ళు పనిచేస్తారు. కనుక బీదవాడి వెనుక కూడా పెద్ద వకీలు నిలబడతాడు. మన దేశంలో ఆ పద్ధతి న్యాయవాదులకు నిషిద్ధం. మన కోర్టుల్లో అంత పెద్ద అంకెలు చూడం కూడా. అందుచేత పేపర్లలో ఆ వార్తలు చదివి మనవాళ్ళు ఇక్కడ ఆశలు పెట్టుకోరాదు. 1994లో అమెరికా ప్రభుత్వం ఆ సూక్ష్మజీవి ఉన్న కైమా మాంసాన్ని కల్తీ సరుకు కింద ప్రకటించింది. మాంసం వ్యాపారులు కోర్టుకెక్కి ఓడిపోయారు. వేరువేరు ఊళ్ళలో రోగుల నుంచి తీసిన సూక్ష్మజీవుల జాడలను వేలిముద్రల మాదిరి పోల్చిచూసే ఏర్పాటు 1996లో మొదలైంది. ఏ హోటలు తిండి ఎవరిని పడగొట్టిందో తేల్చడం అప్పటినుంచి తేలికైంది.

హోటలు తిండి అనగానే హోటలువాడిదే తప్పనరాదని ఇందాక అన్నాను. దానికి మన దేశంతో ముడిపడ్డ ఉదాహరణ ఒకటుంది. 1984 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో డాలెస్ అనే చిన్న పట్టణంలో పది హోటళ్ళలో తిన్న 751 మంది సాల్మొనెల్లాతో జబ్బుపడ్డారు. ఆరోగ్యశాఖవారు వంటవాళ్ళ అపరిశుభ్రతే కారణమన్నారు. ఏడాది తరువాత అసలు సంగతి బయటపడింది. రజనీశ్ ఆశ్రమం పెద్దలు కొందరు, స్థానిక ఎన్నికల్లో ఊరివారు ఓటు వేయలేని స్థితి తేవాలని, సలాడ్లలో ఆ సూక్ష్మజీవిని కలిపించారు. ఆశ్రమం ప్రయోగశాలలోనే ఆ రకం దొరికింది. మా ఆనంద్ షీలాకు శిక్షపడింది. ఏడాదిపాటు నిందమోసిన ఆ వంటవాళ్ళను ఎవరైనా పలకరించారో లేదో.

ఇక మన ఇంటికి వద్దాం. మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో ఉన్నది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం. ఫుడ్ ఇన్‌స్పెక్టరు శాంపిల్ తీసేవాడు, పబ్లిక్ అనలిస్టుకు పంపేవాడు, కేసు పెట్టేవాడు. వర్తకుడికి జరిమానానో జైలో. తిని మంచాన పడ్డవాడికి మాత్రం ఆ చట్టంలో పైసా లేదు. అతను సాక్షి మాత్రమే. పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు పోయి, స్టాంపు ఫీజు కట్టి, ఏళ్ళ తరబడి తిరగాలి. 1986లో వినియోగదారుల పరిరక్షణ చట్టం వచ్చి ఈ గోడను కొంత కూల్చింది. నత్త అడిగిన ప్రశ్నకు ఆ చట్టం నేరుగా జవాబిచ్చింది. డబ్బిచ్చినవారి సమ్మతితో ఆ వస్తువునో సేవనో అనుభవించినవారు కూడా వినియోగదారులే అన్నది. కూతురు బిల్లు కట్టిన భోజనం తిని తండ్రి జబ్బుపడితే తండ్రే ఫిర్యాదు చేయవచ్చు. 2019లో వచ్చిన కొత్త చట్టం, సరుకులు అన్న మాటలో ఆహారం కూడా చేరుతుందని స్పష్టంగా వ్రాసింది. ఇది 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది.

ఆహారానికి వేరే చట్టం 2006లోనే పార్లమెంటులో గడిచింది. మేము అడ్వకేటుగారి దగ్గర కూర్చున్న ఏడాదే. కాని 2011 ఆగస్టు 5 వరకు పూర్తిగా అమలులోకి రాలేదు. ఈ ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 65వ సెక్షను మన వంటివారు గుర్తుంచుకోదగినది. హానికరమైన ఆహారం వల్ల మనిషి చనిపోతే 5 లక్షలకు తక్కువ కాకుండా, తీవ్రమైన హాని జరిగితే 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం ఇప్పించవచ్చు. సంఘటన జరిగిన ఆరు నెలల్లో ఇవ్వాలని, మరణమైతే వారసులకు ముప్పై రోజుల్లో తాత్కాలిక సహాయం అందాలని అందులోనే ఉన్నది. కాగితం మీద ఎంత బాగున్నదో చూడండి. ఆచరణలో శాంపిల్ రిపోర్టు దగ్గరే చాలా కేసులు ఆగిపోతాయి. ఎందుకంటే అధికారి వచ్చేసరికి జబ్బు తెచ్చిన గిన్నె కడిగేసి ఉంటుంది.

2022 మే నెలలో కేరళలోని చెరువత్తూరులో షవర్మా తిని ఒక విద్యార్థిని మరణించింది, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. 2024 అక్టోబరులో మన హైదరాబాదులోనే రోడ్డుపక్క మోమోలు తిన్నవారు పలువురు జబ్బుపడి, ఒక మహిళ చనిపోయింది. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023 జనవరిలోనే నిషేధించింది. మయొనైజ్ అంటే ఏమిటని నా మనవణ్ణి అడిగితే నవ్వాడు. పచ్చి గుడ్డు, నూనె గిలకొట్టిన తెల్లటి ముద్ద, దాన్ని పొద్దుటినుంచి ఎండలో పెట్టుకుని అమ్ముతారట. మన అమ్మమ్మలు ప్రయాణాలకు పులిహోరే ఎందుకు కట్టి ఇచ్చేవారో ఇప్పుడు అర్థమవుతున్నది. చింతపండు పులుపులో సూక్ష్మజీవులు తొందరగా పెరగవు. తెల్లన్నం సంగతి అలా కాదు.

తెల్లన్నం దగ్గరకు రావడంలో నా స్వార్థం ఉంది. బ్యాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. దాని బీజాలు బియ్యంలో ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి గది వేడిమిలో వదిలేస్తే అవి మొలకెత్తి ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేయించినా పోదు. 1970ల మొదట్లో ఇంగ్లండులోని చైనా హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవారు వరుసగా వాంతులు చేసుకున్నప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసింది. రాత్రి మిగిలిన అన్నాన్ని మరునాడు వేయించి పెట్టేవారు. తిన్న ఒక గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. మా విందులో జబ్బుపడ్డ ఏడుగురమూ ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళం. పెరుగన్నంతో సరిపెట్టుకున్న నలుగురికీ ఏమీ కాలేదు. మూడు గంటల్లో మొదలైంది. ఇవన్నీ మాకు ఆ రోజే తెలుసు. తెలిసినదాన్ని ఒక కాగితం మీద వ్రాసుకోవాలని మాకు తోచలేదు. మనిషి పేరు, ఏమి తిన్నాడు, ఎన్నింటికి జబ్బు మొదలైంది – ఈ మూడు గళ్ళ పట్టికతోనే సియాటిల్‌లోనూ దర్యాప్తు మొదలుపెట్టారు. ఆ పదకొండుమందిలో ఏడుగురు అకౌంట్స్ విభాగంవారు, జీవితమంతా పట్టికలు గీసినవారు!

గంటల లెక్క మరొకందుకు కూడా ముఖ్యం. జబ్బు రాగానే ఆఖరుగా తిన్న హోటలునే మనం తిట్టుకుంటాం. చేతి పుళ్ళ నుంచి, ముక్కు నుంచి చేరే స్టాఫిలోకాకస్ విషం కూడా కొద్ది గంటల్లోనే పని చేస్తుంది. పెద్ద గుండిగల్లో మాంసం వండి వదిలేస్తే పెరిగే క్లాస్ట్రిడియం ఆరు గంటల నుంచి ఒక రోజులోపు విరేచనాలు పట్టిస్తుంది. సాల్మొనెల్లాకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఈ-కోలై ఓ157 అయితే మూడు నాలుగు రోజులు. ఆదివారం పెళ్ళిభోజనం బుధవారం బయటపడవచ్చన్నమాట. అందువల్ల డాక్టరుగారికి మూడు నాలుగు రోజుల తిండి చెప్పాలి. మల పరీక్ష కల్చర్‌కు పంపమని అడగాలి, వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే. చీటీ మీద జబ్బు పేరు, ఏ పూట ఎక్కడ తిన్నదీ వ్రాయమని కోరితే ఏ డాక్టరూ కాదనడు. ఆరోగ్యం ముందు, కేసు తరువాత. ఇది వేరే చెప్పనక్కరలేదు. మన వయసులో ఓఆర్ఎస్ ఆలస్యం చేయరాదు. షుగరు, బి.పి. మాత్రలు ఆపాలా వద్దా అన్నది అదే రోజు డాక్టరును అడిగి తెలుసుకోవాలి. మా హెడ్ అకౌంటెంటుగారు ఆ మూడు రోజులూ నీరు తీసే మాత్ర క్రమం తప్పకుండా వేసుకున్నారు. క్రమశిక్షణ గల మనిషి.

జిల్లాలో ఆహార భద్రతా అధికారికి వెంటనే ఫిర్యాదు ఇస్తే ఆయన హోటలుకు వెళ్ళి శాంపిల్ తీయవచ్చు. మనమే కొన్న పదార్థాన్ని ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు 40వ సెక్షను ఇస్తుంది. కాని పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మినవాడికి చెప్పాలి. కడుపునొప్పి వచ్చాక గుర్తొచ్చే విషయం కాదది. పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళడమే మనవంటివారికి సుళువు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఏ హోటలు బిల్లయినా దానికి లోపే ఉంటుంది కదా. జబ్బుపడ్డ నాటినుంచి రెండేళ్ళలోపు వేయాలి. పాత చట్టంలో హోటలు ఉన్న ఊళ్ళోనో, సంఘటన జరిగిన చోటనో వేయవలసి వచ్చేది. 2019 చట్టం వచ్చాక మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. తిరుపతి వెళ్ళివస్తూ దారిలో తిని జబ్బుపడ్డ వరంగల్ పెన్షనరు ఇప్పుడు వరంగల్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇది నిజంగా పెద్ద మేలు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, వాయిదాలకు సిద్ధపడే వెళ్ళాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు.

వీటన్నిటికీ మొదటి మెట్టు బిల్లే. 2022 నుంచి హోటలు బిల్లు మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు వేయాలన్న నియమం ఉన్నది. వేయకపోతే అడగండి. మొహమాటపడవద్దు. ఈ మధ్య ఫోనులో డబ్బులు పంపేస్తున్నారు గనుక ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది బ్యాంకు ఖాతాలోనూ ఉంటుంది. కాని ఏమి తిన్నామో అందులో ఉండదు.

మా హెడ్ అకౌంటెంటుగారు 2010లో కాలం చేశారు. చివరి ఏడాదంతా డయాలసిస్ మీద ఉన్నారు. షుగరు వల్లనే మూత్రపిండాలు పోతాయి కదా అని కొందరన్నారు. అది కూడా నిజమే. ఆ ఒక్క పూట భోజనం వాటా ఎంతో నేను చెప్పలేను, కోర్టు మాత్రం అడిగి ఉండేది. ఆయన శ్రీమతిగారు ఫ్యామిలీ పెన్షనరు, మన సంఘం సభ్యురాలు. ఈ వ్యాసం వ్రాయడానికి ముందు ఆమె అనుమతి అడిగాను. "వ్రాయండి అన్నయ్యగారూ, కాని ఆ హోటలాయన పేరు వద్దు, ఆయన భార్య కూడా మన ఊళ్ళోనే ఉంది" అన్నారు.

డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం భోజనాల ఏర్పాటు ఈ ఏడు కార్యవర్గం నాకే అప్పగించింది. కేటరింగ్ అతనితో మాట్లాడాను. లైసెన్సు కాపీ ఇచ్చాడు. పులిహోర, దద్దోజనం, వేడివేడిగా సాంబారు, ఒక కూర. ఫ్రైడ్ రైస్ లేదు, అడగవద్దు. ఎవరు ఏమి తిన్నదీ నోట్ చేసుకోను, భయపడకండి. వచ్చేవారు పదవ తేదీలోగా కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వగలరు. బిల్లు నేనే తీసుకుంటాను, ఆ సాయంత్రమే సంఘం ఫైలులో పెడతాను.